పాత కారుకు కొత్త అద్దం

పిల్లలూ! ప్రదర్శనల్లోనో, ఊరేగింపుల్లోనో పాతకాలపు కార్లను మీరు చూసే ఉంటారు. గుండ్రటి పెద్ద దీపాలు, ఎక్కడానికి పొడవాటి మెట్టు, గోడలా నిటారుగా నిలబడిన ముందు అద్దం వాటి గుర్తులు. హైదరాబాదులో చౌమహల్లా భవనం చూసినవారికి నిజాముల కాలంనాటి కార్లు గుర్తుండే ఉంటాయి. ఇలాంటి కారు తలుపుకున్న అద్దం ఒకటి పగిలిందనుకోండి. కారు పుట్టి తొంభై ఏళ్ళు దాటింది. ఇక ఆ అద్దం ఎక్కడ దొరుకుతుంది?

"అదేం కష్టం? పటాలు కట్టే దుకాణానికి వెళితే కొలత ప్రకారం ముక్క కోసి ఇస్తారు గదా!" అని మీలో చురుకైనవారు అనవచ్చు. నిజమే. పది నిమిషాల్లో కోసి ఇస్తారు. ఆ ముక్క తలుపులో చక్కగా ఇముడుతుంది. దుమ్ము రాదు, వాన రాదు. అవతలివన్నీ స్పష్టంగా కనబడతాయి. ఖర్చు కూడా తక్కువే. అయినా ఆ ముక్కను కారుకు బిగించగూడదు. ఎందుకు బిగించగూడదో తెలియాలంటే గాజు స్వభావం కొంత తెలుసుకోవాలి. ఆ తరువాత మన పాత కారుకు కొత్త అద్దాన్ని మనమే దగ్గరుండి బిగింపజేద్దాం.

ఒక ఉదాహరణ

పాత కార్లు వందల రకాలు. మనం ఒక్కదాన్నే తీసుకుందాం. అది అమెరికాలో ఫోర్డు కంపెనీ తయారుచేసిన 'మోడల్ ఎ' కారు. ఇది 1927 డిసెంబరులో బజారులోకి వచ్చింది. నాలుగేళ్ళ పైచిలుకు కాలంలో 48 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. అందుకే ఇప్పటికీ లోకంలో చాలాచోట్ల ఇవి కనబడతాయి.

ఈ కారులో మనకు పనికివచ్చే విశేషాలు రెండున్నాయి. మొదటిది, దీని అద్దాలన్నీ బల్లపరుపుగా ఉంటాయి. ఇప్పటి కార్ల అద్దాల్లాగా వంపు తిరిగి ఉండవు. కాబట్టి మామూలు పలకనుంచి కోసి తయారుచేసుకోవచ్చు. రెండవది, దీని ముందు అద్దానికి ఆ రోజుల్లోనే పొరల గాజు వాడారు. పక్క కిటికీలకు మాత్రం మామూలు పలక గాజునే ఎక్కువగా వాడారు. ఒకే కారులో రెండు రకాల గాజు! ఈ తేడా ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

గాజు ఎందుకు పగులుతుంది?

ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కరిగిస్తే మామూలు కిటికీ గాజు వస్తుంది. దానిలోని అణువుల మధ్య బంధాలు చాలా బలమైనవి. లెక్క ప్రకారం గాజు ఎంతో బలంగా ఉండాలి. మరి చిన్న రాయి తగిలితే ఎందుకు పగులుతుంది?

ఈ ప్రశ్నకు ఇంగ్లండుకు చెందిన గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో ప్రచురించిన వ్యాసంలో జవాబు చెప్పాడు. గాజు పైభాగాన మన కంటికి కనబడని సన్నని పగుళ్ళు ఎప్పుడూ ఉంటాయి. బట్టల దుకాణంలో గుడ్డ చించడం చూశారా? వర్తకుడు ముందుగా అంచున కత్తెరతో చిన్న గంటు పెడతాడు. తరువాత రెండు చేతులతో లాగితే గుడ్డ సర్రున చిరుగుతుంది. గంటు లేకుండా లాగి చూడండి, మీ బలం చాలదు. గంటు ఉన్నప్పుడు లాగే బలమంతా గంటు కొసమీదనే కేంద్రీకరిస్తుంది. గాజులోని పగులు కొసన జరిగేదీ ఇదే.

మరొక సంగతి కూడా గమనించాలి. గుడ్డను లాగితేనే గంటు పెరుగుతుంది. నొక్కితే పెరగదు. పగులును తెరిచేది లాగుడు, మూసేది నొక్కుడు. అందుకే గాజు నొక్కుడుకు చక్కగా ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోలేదు. నొక్కుడును శాస్త్రంలో సంపీడనం అనీ, లాగుడును తన్యత అనీ అంటారు.

దీన్ని తరగతిలోనే పరీక్షించవచ్చు. ఒకే రకం సుద్దముక్కలు రెండు తీసుకోండి. రెండింటి నడుమ గుండుసూదితో అడ్డంగా సన్నని గీత గీయండి. మొదటి ముక్కను గీత మీకు అవతలివైపు ఉండేట్లు పట్టుకుని, రెండు చివరలనూ మీవైపుకు వంచండి. సులభంగా గీత దగ్గరే టపీమని విరుగుతుంది. రెండవ ముక్కను గీత మీవైపు ఉండేట్లు పట్టుకుని అలాగే వంచండి. ఈసారి ఎక్కువ బలం కావలసి వస్తుంది. అవతలివైపు సాగుతుంది, మీవైపు నొక్కుకుంటుంది. నొక్కుకునే వైపున్న గీత అపాయం చేయలేదు.

మామూలు గాజు పగిలినప్పుడు పగుళ్ళు దూరదూరంగా సాగి, పొడవాటి కత్తుల్లాంటి ముక్కలవుతాయి. ఇంట్లో కిటికీ పగిలితే ఊడ్చి పారేస్తాం. కారులో అయితే ఆ ముక్కల వెనుక ఒక మనిషి ముఖం ఉంటుంది. కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ హఠాత్తుగా ఆగిందనుకోండి. కారు ఆగుతుంది గాని లోపలి మనిషి ఆగడు. న్యూటన్ మొదటి సూత్రం ప్రకారం ముందుకు పోతూనే ఉంటాడు. తొలినాళ్ళలో మోటారు ప్రమాదాలలో కళ్ళు పోయినవారికీ, మెడ తెగినవారికీ అద్దమే శత్రువైంది.

కాబట్టి కారు అద్దం విషయంలో "ఇది పగలకుండా ఉంటుందా?" అన్న ప్రశ్న చాలదు. ఏ అద్దమైనా ఏదో ఒకనాడు పగలవచ్చు. "పగిలితే ఎలా పగులుతుంది?" అన్నదే అసలు ప్రశ్న. పటాల దుకాణపు గాజు ఈ ప్రశ్న దగ్గరే తప్పిపోతుంది.

క్షేమంగా పగిలే గాజులు

మంచి జవాబిచ్చే గాజులు రెండున్నాయి.

మొదటిది పొరల గాజు. వర్క్‌షాపుల్లో దీన్ని లామినేటెడ్ గ్లాసు అంటారు. రెండు పలచటి గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది. దీని పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయనవేత్త ప్రయోగశాలలో 1903లో ఒక గాజుకుప్పె పైనుంచి కింద పడింది. పగుళ్ళు వచ్చాయి గాని ముక్కలు చెదరలేదు. అందులో ఒకప్పుడు పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఆరిపోయి, లోపల పలచని పొరగా అంటుకుని ముక్కలను పట్టి ఉంచింది. ఆయన ఈ సూత్రంతో పొరల గాజు తయారుచేసి 1909లో పేటెంటు కోరాడు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువునుంచి కాపాడే ముసుగుల కళ్ళద్దాలకు ఈ గాజు పనికివచ్చింది. తరువాత కార్ల ముందు అద్దాలకు వచ్చింది.

రెండవది గట్టిపరచిన గాజు. మెకానిక్కులు టఫెన్ గ్లాసు అంటారు. గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్ దాటేవరకు వేడిచేసి, రెండువైపులా చల్లగాలిని ఒక్కసారిగా ఊదుతారు. పైపొరలు వెంటనే చల్లబడి గట్టిపడతాయి. లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. తరువాత అదికూడా చల్లబడి కుంచించుకోబోతుంది. కాని పైపొరలు అప్పటికే బిగుసుకుని ఉన్నాయి గదా! లోపలి భాగం వాటిని లోనికి లాగుతుంది. ఫలితంగా పైపొరలు ఎల్లప్పుడూ నొక్కుడులో ఉంటాయి.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం మీ తాతగారిని అడిగితే చెబుతారు. పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లబడే పట్టా కుంచించుకుని కొయ్యను బిగించేస్తుంది. అక్కడ బయటి పట్టా లోపలి కొయ్యను నొక్కుతుంది. ఇక్కడ లోపలి గాజే బయటి గాజును బిగిస్తుంది. ఉపాయం ఒకటే, దిశ వేరు. పైన ఉన్న పగుళ్ళన్నీ నొక్కుడులో మూసుకుని ఉండడంవల్ల ఈ గాజు మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. దెబ్బ ఆ పొరను దాటి లోపలికి పోతే మాత్రం బంధించి ఉన్న శక్తి అంతా ఒక్కసారి విడుదలై, పలక మొత్తం పెసలు, శనగలంత మొద్దు ముక్కలుగా రాలిపోతుంది. కత్తుల్లాంటి ముక్కలు ఉండవు.

ఏది ఎక్కడ బిగించాలి?

ముందు అద్దానికి పొరల గాజే తగినది. రాయి తగిలినా సాలెగూడులా పగుళ్ళు వస్తాయిగాని అద్దం చోటులోనే ఉంటుంది. డ్రైవరుకు దారి చాలావరకు కనబడుతుంది. గట్టిపరచిన గాజైతే అద్దమంతా ఒక్కసారి చిట్లి, దారి కనబడకుండా పోతుంది. వేగంగా పోయే కారులో ఆ ఒక్క క్షణమే చాలు ప్రమాదానికి.

పక్క కిటికీలకు రెండింటిలో ఏదైనా సరే. గట్టిపరచిన గాజుకు ఒక లాభం ఉంది. తలుపు బిగుసుకుపోతే దాన్ని పగలగొట్టుకుని బయటపడవచ్చు. ఒక ఇబ్బందీ ఉంది. దాన్ని గట్టిపరచిన తరువాత కోయడానికి వీలులేదు. కోత పెట్టగానే మొత్తం రాలిపోతుంది. కాబట్టి ముందే సరైన కొలతకు కోసి, అంచులు అరగదీసి, అప్పుడు కొలిమికి పంపాలి. కొలత ఒక మిల్లీమీటరు ఎక్కువైతే తిరిగి సరిచేసే మార్గం లేదు. పొరల గాజునైతే తయారైన తరువాత కూడా కోయవచ్చు. ఒక్క అద్దమే కావలసిన పాత కారుకు ఇది సుఖం. మనం పొరల గాజునే ఎంచుకుందాం.

పాత అద్దం పసుపెక్కిందేం?

అద్దం పగలకపోయినా మార్చవలసి వచ్చే సందర్భం ఒకటుంది. ఆనాటి పొరల గాజును చూస్తే టీ మరకలా పసుపుగానో, గోధుమరంగుగానో ఉంటుంది. అంచుల్లో పాలలాంటి తెల్లటి మచ్చలుంటాయి. తప్పు గాజుది కాదు. నడుమనున్న సెల్యులోజ్ నైట్రేట్ పొర ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మెల్లగా చెడిపోయి రంగు మారుతుంది. అంచులనుంచి తేమ దూరి అతుకు విడిపోతుంది. 1930ల చివరినుంచి పాలీవినైల్ బ్యూటిరాల్ అనే ప్లాస్టిక్ వాడుకలోకి వచ్చింది. అది పసుపెక్కదు, సాగే గుణమూ ఎక్కువ. అందుకే ఈనాటికీ అదే వాడుతున్నారు. పసుపెక్కిన అద్దంలోనుంచి సాయంత్రంపూట రోడ్డు దాటే మనిషి సరిగా కనబడడు. దాన్ని పాతదనపు అందమని అలాగే ఉంచడం మంచిది కాదు.

ఇక పని మొదలుపెడదాం

ఈ పని పెద్దవారు, అనుభవమున్న పనివారు చేయాలి. మీరు పక్కన నిలబడి ప్రతి అడుగుకూ కారణం అడగండి.

మొదట చేతులకు మందపాటి తొడుగులు, కళ్ళకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. తలుపు లోపలివైపున్న పిడులు, అద్దం ఎత్తే హ్యాండిల్, కిటికీ చుట్టూ ఉన్న లోహపు చట్రం, లోపలి అట్ట వరుసగా ఊడదీయాలి. ఊడదీసిన ప్రతి స్క్రూనూ ఏది ఎక్కడిదో రాసి డబ్బాలో వేయాలి. అద్దం అడుగు అంచు ఒక ఉక్కు గాడిలో రబ్బరు పట్టీతో బిగించి ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే లోపలి చేయి ఆ గాడిని పైకెత్తుతుంది. అద్దం రెండు పక్కలా మెత్తని ఫెల్టు అతికిన దారుల్లో జారుతుంది. పాత ముక్కలను తీశాక తలుపు అడుగున రాలిన గాజు నలుసులను ఒక్కటీ మిగలకుండా తీసేయాలి. లేకపోతే నీరు పోయే దారి మూసుకుని, తలుపు లోపల తుప్పు పడుతుంది.

రెండవ అడుగు అచ్చు. గట్టి అట్టను కిటికీ ఆకారంలో కోసి, తలుపులో పెట్టి, పైకీ కిందికీ జరిపి చూడాలి. కారు కొత్తగా ఉన్నప్పటి కొలతలను నమ్మగూడదు. తొంభై ఏళ్ళలో తలుపు ఏదో ఒక మూల వంగి ఉండవచ్చు. అట్ట ఎక్కడా ఒరుసుకోకుండా, రెండు మూడు మిల్లీమీటర్ల సందుతో కదలాలి.

ఈ సందు వేసవిలో గాజు వ్యాకోచిస్తుందని వదిలేది అనుకుంటున్నారా? లెక్కవేయండి. డిగ్రీకి గాజు తన పొడవులో పదిలక్షలవంతు భాగాలు 9 మాత్రమే పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల పలక 40 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.2 మిల్లీమీటరు పైచిలుకు. అంత చిన్న పెరుగుదలకు ఇంత సందు అక్కర్లేదు. గతుకుల రోడ్డుమీద కారు తలుపు మెలితిరుగుతుంది. ఆ మెలిక అద్దానికి సోకకుండా చేయడానికే సందూ, ఫెల్టూ, రబ్బరూ. ఉక్కు ఎక్కడైనా గాజును నేరుగా తాకితే అక్కడినుంచే పగులు మొదలవుతుంది.

మూడవ అడుగు కోత. గాజు కోసే పనిముట్టు నిజానికి గాజును కోయదు. ఒక సన్నని గీత గీస్తుంది, అంతే. ఆ గీత సాగే వైపు వచ్చేట్లు గాజును వంచితే గీతవెంట పగులుతుంది. మీ సుద్దముక్క గుర్తుకు వచ్చిందా? పొరల గాజుకు రెండు వైపులా ఒకే వరుసలో గీతలు గీసి, రెండు పలకలనూ విడివిడిగా విరిచి, నడుమనున్న ప్లాస్టిక్ పొరను పలచటి బ్లేడుతో కోస్తారు. ఆ తరువాత అంచులను నీళ్ళు పోస్తూ సానబట్టాలి. నీరు వేడిని తగ్గిస్తుంది, ఊపిరితిత్తులకు హానిచేసే గాజుపొడిని లేవనీయదు. అంచున గంట్లు మిగిలితే అవే రేపటి పగుళ్ళు. సానబట్టడం చేయి తెగకుండా మాత్రమే కాదు, అద్దం ఆయుష్షు కోసం కూడా.

నాలుగవ అడుగు బిగింపు. కొత్త రబ్బరు పట్టీని అద్దం అడుగు అంచుకు చుట్టి, సబ్బునీళ్ళు రాసి, ఉక్కు గాడిలోకి నిదానంగా, అంతటా సమానంగా నొక్కాలి. నూనె రాయగూడదు. నూనెకు రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. పొరల గాజు అంచుకు పుల్లటి వాసన వేసే సీలెంటును కూడా తగలనీయగూడదు. అందులోనుంచి వచ్చే ఆమ్లం ప్లాస్టిక్ అతుకును పాడుచేస్తుంది. ఫెల్టు దారులు అరిగి ఉంటే కొత్తవి వేయాలి. చివరగా హ్యాండిల్ తిప్పి, అద్దం పూర్తిగా పైకీ కిందికీ సాఫీగా కదులుతున్నదో లేదో చూసుకున్న తరువాతనే లోపలి అట్ట బిగించాలి.

పాతరూపం, కొత్త రక్షణ

మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే కాపాడుకుంటూ వస్తున్న వాహనాలను ప్రత్యేకంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. వాటి నంబరులో 'వి.ఎ.' అన్న అక్షరాలుంటాయి. "మొదటి రూపం చెడగూడదన్నారు గదా, మామూలు గాజు ఉన్నచోట మామూలు గాజే బిగించాలి" అని ఎవరైనా వాదించవచ్చు. కాని బల్లపరుపు పొరల గాజును అదే మందంలో, రంగు లేకుండా బిగిస్తే దూరంనుంచి చూసేవారికి తేడా తెలియదు. రూపం పాతదే ఉంటుంది, పగిలే తీరు మాత్రమే మారుతుంది. 1989నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా కార్ల అద్దాలు రక్షణ గాజుతోనే ఉండాలని చెబుతున్నాయి. ముందు, వెనుక అద్దాలు నూటికి 70 వంతులు, పక్క అద్దాలు 50 వంతులు తగ్గకుండా వెలుతురును లోనికి రానీయాలి.

పాత వస్తువును కాపాడడమంటే దాని అపాయాన్ని కూడా కాపాడడం కాదు. ఆ కారులో కూర్చునే తాతగారూ, ఆయన ఒళ్ళో కూర్చునే పాపా ఈనాటి మనుషులే గదా!

మీరు చేసి చూడండి

1. బస్సులు, కార్ల అద్దాల మూలల్లో చిన్న ముద్ర ఉంటుంది. ఆగి ఉన్న వాహనాలపై మాత్రమే, పెద్దల అనుమతితో దాన్ని చదవండి. అది ఏ రకం గాజో గుర్తించి నోటుపుస్తకంలో పట్టిక వేయండి.

2. ఎవరివద్దనైనా పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలుంటే అడిగి తీసుకుని, పగటిపూట కారు వెనుక అద్దాన్ని చూడండి. వరుసగా నల్లటి మచ్చలు కనబడితే అది గట్టిపరచిన గాజు. చల్లగాలి ఊదినప్పుడు ఏర్పడిన నొక్కుడు, లాగుడుల గుర్తులవి.

3. గాజు సాంద్రత ఘనసెంటీమీటరుకు 2.5 గ్రాములు. 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న కారు అద్దం బరువెంత? 4 కిలోగ్రాముల పైన కొంచెం వస్తే మీ లెక్క సరి. హ్యాండిల్ తిప్పే చేయి ఎత్తవలసిన బరువు అదే.

4. ఆలోచించండి: గట్టిపరచిన అద్దం మధ్యలో దెబ్బకు ఓర్చుకుంటుంది గాని, అంచున చిన్న మొనదేలిన దెబ్బకే రాలిపోవచ్చు. ఎందుకు? బిగించేటప్పుడు అంచు ఉక్కుకు తగలగూడదని ఎందుకన్నామో ఒకసారి మళ్ళీ చదివి, జవాబు మీ సొంత మాటల్లో రాయండి.